రాత్రి సంగతి నానమ్మకు తెలుసు

చిన్నపిల్లలెవరైనా నడుం నొప్పి అంటే ఇంట్లో ముందు నవ్వొస్తుంది. ‘నీకు నడుమెక్కడిదిరా, ఇంకా మొలవందే!’ అంటారు. చిన్నప్పుడు ఈ మాట అనిపించుకోని వాళ్లు, పెద్దయ్యాక అనని వాళ్లు మన వైపు తక్కువ. ముద్దుగా అనేదే. బడిసంచీ పక్కన పడేసి మంచం మీద వాలిపోయిన పిల్లాణ్ణి లేపి వీధిలోకి తోలడానికి చాలాసార్లు ఆ నవ్వే చాలు. కాసేపటికల్లా వాడు క్రికెట్టులో మునిగిపోతాడు, నడుం సంగతి వాడికే గుర్తుండదు.

మా శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ, పలాసల్లో నడుం నొప్పి పెద్దవాళ్ల సొత్తు. పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి వెళ్లి చీకటి పడేదాకా కూర్చున్నచోటే కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్లకు అది ఉంటుంది. కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్లకు, లారీలకు బస్తాలు ఎత్తేవాళ్లకు ఉంటుంది. వాళ్లెవరూ దాని గురించి పెద్దగా మాట్లాడరు. రాత్రి నూనె వేడిచేసి రాయించుకుంటారు, ఉప్పుమూటతో కాపడం పెట్టించుకుంటారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు వీధిలో ఎవరైనా ఉంటే పిలిచి, నడుం మీద ఒకసారి కాలు ఆనించి పొమ్మంటారు. తెల్లారితే మళ్లీ పనే. ఇన్ని నడుముల మధ్య ఏడేళ్ల వాడి నడుం ఎవరికి ఆనుతుంది?

ఉద్దానంలో నడుం నొప్పి వెనకాల మరో భయం నడుస్తుంటుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి దొరకడం కష్టం. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది?’ అని అడుగుతుంది. అందుకే పిల్లాడు వారం పదిరోజులు నడుం పట్టుకు తిరిగితే పెద్దల మనసు ముందు ఆ రక్తపరీక్ష మీదికే పోతుంది. కాగితం మీద అంకె బాగానే ఉందని తెలియగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. ఆ ఊరట ఎంత పెద్దదంటే, మరి నొప్పి దేనికన్న ప్రశ్న దాని చాటున కొన్నాళ్లు పడి ఉంటుంది. ఇందులో ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఇన్నేళ్లుగా ఇంతమందిని పోగొట్టుకున్న చోట భయం తనకు తెలిసిన దారినే పోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో ఒక ఇంట్లో వెన్నులో గడ్డ కావచ్చు. పిల్లల వెన్నులో గడ్డ పెరగడమన్నది చాలా అరుదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో రక్తానివి ముందుంటాయి. వాటి తర్వాత మెదడుకు, వెన్నుపాముకు వచ్చే గడ్డలు. ఈ రెండో గుంపులో వెన్నుపాముకు వచ్చేవి వందకు అయిదో పదో. ఊళ్లో ప్రాక్టీసు చేసే డాక్టరు తన జన్మలో ఒక్కటి కూడా చూడకపోవచ్చు. గడ్డ అన్నంత మాత్రాన ప్రాణం తీసేదేనని కూడా కాదు. పిల్లల వెన్నుపాములో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రోసైటోమా, అందులో చాలా మటుకు నింపాదిగా పెరిగేవే. ఎపెండిమోమా అని ఇంకొకటుంది. మరీ పసివాళ్లలో న్యూరోబ్లాస్టోమా అన్నది వెన్ను పక్కన పుట్టి, పూసల సందుల్లోంచి లోపలికి చొరబడుతుంది. ఎముకలోనే పుట్టేవీ ఉన్నాయి.

నింపాదిగా పెరగడంలోనే చిక్కంతా ఉంది. వెన్నుపాము పెద్దవాళ్లలోనే చిటికెనవేలంత లావు. కొబ్బరిపీచు తాడులో పోగుల మాదిరిగా దాన్లో లెక్కలేనన్ని నరాల తీగలు కలిసి నడుస్తాయి. లోపల పెరిగే గడ్డ ఆ పోగుల్ని ఒక్కసారిగా తెంచదు. కొంచెం కొంచెంగా పక్కకు నెట్టుకుంటూ పోతుంది. పసి ఒళ్లు దానికి తగ్గట్టు సర్దుకుంటూ వస్తుంది. నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటినా, పిల్లాడు బడికి వెళ్తూనే ఉంటాడు, ఆడుతూనే ఉంటాడు.

ఆ నెలల్లో కనిపించేవన్నీ చిన్న చిన్న సంగతులు. నడకలో ఎక్కడో తేడా. చెప్పు ఒక కాలిదే ముందువైపు అరిగిపోతుంది, ఎందుకంటే ఆ కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. బడి బట్టలు కుట్టే దర్జీ కొలతలు తీస్తూ ఒక భుజం కిందికుందేంటని అడుగుతాడు. మెడ ఒక వైపుకే వాలుతుంది. ఏడాది కిందటే పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతుంది, అమ్మ ఎవరికీ చెప్పకుండా దుప్పటి ఉతికేస్తుంది. కడుపు నొప్పి అని మెలికలు తిరిగే పిల్లలూ ఉంటారు. వీపు నుంచి బయల్దేరిన నరం చుట్టూ తిరిగి పొట్ట మీదికి వస్తుంది కదా, నొప్పి అక్కడ తెలుస్తుంది. పాపం ఆ పొట్టకి నులిపురుగుల మందు కూడా వేయిస్తారు. మాటలు రాని పసివాళ్లయితే ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. దిష్టి తగిలిందనుకుంటాం. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం. ఆ పూటకు పిల్ల నిద్రపోతే మనసు కుదుటపడుతుంది.

వీటన్నిటిలో డాక్టర్లు చెవి ఒగ్గి వినేది ఒకటుంది. రాత్రి నొప్పి. పడుకుంటే నొప్పి తగ్గాలి. వెన్నులో గడ్డ ఉన్న పిల్లలకు పడుకుంటేనే ఎక్కువవుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు వెన్ను లోపలి సిరల్లో ఒత్తిడి పెరగడం అందుకొక కారణమంటారు. గాఢనిద్రలోంచి నొప్పితో లేచి కూర్చుంటారు. కూర్చుంటే కొంచెం నయం, అందుకని కూర్చునే కునుకుతారు.

ఎదిగే పిల్లలకు రాత్రిళ్లు కాళ్లు లాగడం మామూలే. అది రెండు పిక్కలకూ, తొడలకూ వస్తుంది. కాసేపు పిసికితే పోతుంది, పొద్దున లేచి లేడిపిల్లలా పరుగెడతారు. అది వేరు, ఇది వేరు. వీపులో ఒకేచోట నొప్పి రాత్రి తర్వాత రాత్రి వస్తుంటే, వారాలు గడిచినా పోకుంటే, కాళ్లలో పట్టు తగ్గుతుంటే, ఒంటికీ రెంటికీ తేడా వస్తుంటే అది వేరే సంగతి. అయిదేళ్ల లోపు పిల్ల నడుం నొప్పి అన్నదంటే దాన్ని నవ్వి వదిలేయకుండా ఒకసారి చూపించడమే మంచిదంటారు.

మరి ఆ రాత్రులు ఎవరికి తెలుసు?

మన వైపు చాలా ఇళ్లలో నాన్న ఊళ్లో ఉండడు. హైదరాబాదులోనో చెన్నైలోనో తాపీపనిలో ఉంటాడు, లేదా గల్ఫ్‌లో ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ నేలకూల్చాక, తోటల్ని నమ్ముకున్నవాళ్లు కూడా కొందరు రైలెక్కారు. అమ్మ కూడా వెళ్లిందంటే పిల్లలు నానమ్మ దగ్గర. ఒకప్పుడు ఆరుబయట నులకమంచాలు వరసగా వేసుకుని పడుకున్న రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకరి నిద్ర ఒకరికి తెలిసేది. ఎవరు కలవరించారో, ఎవరు దగ్గారో, ఎవరు మధ్యలో లేచి కుండలో నీళ్లు ముంచుకు తాగారో పొద్దున్నే చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆ జాగాలో గదులొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి. నానమ్మ పక్కలో పడుకునే పిల్లలు మాత్రం ఉన్నారు. ఆమె ఒక చెయ్యి రాత్రంతా వాడి మీదే ఉంటుంది.

కానీ ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆమె కాదు. బండి తోలడం వచ్చిన బాబాయి తీసుకెళ్తాడు, లేకపోతే సెలవు దొరికిన మేనమామ. ‘ఎప్పట్నించి?’ అంటే ఓ నెల్లాళ్లయిందంటాడు. ‘బాగా తింటున్నాడా?’ తింటున్నాడు. ‘ఆడుతున్నాడా?’ ఆడుతున్నాడు. ఆయన చెప్పేదంతా నిజమే, పగటి పిల్లాడి గురించి చెబుతున్నాడు. రాత్రి పిల్లాణ్ణి ఆయన చూడలేదు. మందులు రాయించుకుని వచ్చేస్తారు. రెండోసారో మూడోసారో పట్టుబట్టి నానమ్మ కూడా వెళ్తుంది. గుమ్మం దగ్గరే నిలబడి, అడిగితే చెబుదామా వద్దా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ‘రేత్రి తొంగోడు బాబూ, కూకునే కునుకు తీత్తాడు’ అంటుంది. అంతవరకూ రాసుకుంటున్న డాక్టరు కలం ఆపి తలెత్తుతాడు.

ఆ ఒక్క ముక్కలో ఎంత చదువుందో నాకు తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక మనిషి నిద్ర ఎలా ఉంటుందో తెలియడమంటే మాటలు కాదు. పక్కన పడుకున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని సంగతి అది, ఏళ్ల తరబడి ఊరికే పోగుపడి ఉంటుంది. దాన్ని వాళ్లు జ్ఞానమనుకోరు. మనమూ అనుకోం. నాకేం తెలుసు బాబూ అంటారు, మనం ఊరుకుంటాం. అమ్మలు, అమ్మమ్మలు, పెద్దక్కలు, హాస్టల్లో పక్క మంచం మీది స్నేహితులు, వీళ్లందరి దగ్గరా ఇలాంటి తెలివిడి ఎంత ఉంటుందో. ఎవరైనా కూర్చోబెట్టి అడిగితే గానీ బయటికి రాదు.

వెన్ను గడ్డను కనుక్కోవడమన్నది మొదలైందే అలా వినడంతో. 1887లో లండన్లో ఒక సైనికాధికారి ఏళ్ల తరబడి వీపు నొప్పితో తిరిగి తిరిగి, కాళ్లు పడిపోయే దాకా వచ్చాడు. నరాల వైద్యుడు విలియం గోవర్స్ అతను చెప్పింది విని, చర్మం మీద ఎక్కడిదాకా స్పర్శ ఉందో ఎక్కడ పోయిందో వేలితో వెతికి, గడ్డ ఫలానా చోట ఉండాలన్నాడు. విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ వీపు తెరిచి దాన్ని తీశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు, ఎనిమిదేళ్ల తర్వాత గానీ రాలేదు. ఆ రోగి మళ్లీ నడిచాడు, పనిలోకీ వెళ్లాడు. వెన్నులో గడ్డను వెతికి పట్టుకుని తీయడం వైద్యచరిత్రలో అదే మొదటిదని చెబుతారు. వాళ్ల దగ్గర ఉన్న సాధనాలల్లా రోగి మాట, వైద్యుడి చెయ్యి.

ఇప్పుడు ఎమ్మారై ఉంది. ఎక్స్‌రేలో పూసలు కనిపిస్తాయి గానీ లోపలి వెన్నుపాము కనిపించదు. ఎక్స్‌రే బాగుందంటే అంతా బాగున్నట్టు కాదు. మన దేశంలో పిల్లల వెన్ను నొప్పికి క్షయ కూడా ఒక ముఖ్యమైన కారణం. అది మందులతో నయమయ్యేది. కాబట్టి గడ్డా, క్షయా, ఇంకేదన్నానా అని తేల్చుకోవాలి. అది ఎమ్మారైలో చాలావరకు తేలుతుంది. పలాస నుంచి శ్రీకాకుళమో విశాఖో వెళ్లాలి, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు బరంపురం దగ్గర.

ఆ గొట్టంలో అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, లోపల మోత. పెద్దవాళ్లకే దడ పుడుతుంది. చిన్నపిల్లలకు చాలామందికి మత్తిస్తారు, అందుకు ముందు కడుపు ఖాళీగా ఉంచాలి. పాలకు ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని స్కానింగ్ గది బయట తిరిగే తల్లికి ఆ గంటలు చాలా పొడుగు. మధ్యలో నరానికి గాడొలీనియం మందు ఎక్కించి మళ్లీ బొమ్మలు తీస్తారు. గడ్డ అంచులు అప్పుడు తేటపడతాయి.

గడ్డేనని తేలితే, తర్వాత విశాఖ. పలాసలో పాసింజరెక్కితే రెండు వందల కిలోమీటర్ల దాకా ప్రయాణం. సంచీలో ఆధార్లు, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సులు, నానమ్మ కట్టిచ్చిన జీడిపప్పు పొట్లం. పప్పు ఎవరికో ఇవ్వాలని కాదు, ఊరికే, ఖాళీ చేతుల్తో పంపడం చేతగాక. గాజువాకలో ఉన్న చుట్టం ఇంట్లో దిగుతారు. అక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అందరూ కేజీహెచ్ అనేది, 1923 నాటిది. 1949లో రాయవెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో రామమూర్తి నరాల శస్త్రచికిత్సకు విభాగాలు పెట్టిన కొన్నేళ్లకే విశాఖలోనూ బాలపరమేశ్వరరావుగారు కేజీహెచ్‌లో ఆ పని మొదలుపెట్టారు. అంతకుముందు మన వైపు పిల్లలకు ఇలాంటిది వస్తే ఏం చేసి ఉంటారో ఊహించడానికే మనసొప్పదు. ఊళ్లో కాళ్లు పడిపోయిన మనిషిని చిన్నప్పుడు చూసినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఎవరో చేతబడి చేశారనేవారు. ఇప్పుడు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

వెన్నుపాము లోపలి గడ్డల విషయంలో డాక్టర్లే చాలాకాలం వెనకాడారు. తెరిచి, చిన్న ముక్క తీసి, మూసేసి, రేడియేషన్ ఇచ్చి పంపేవారు. చెయ్యి పెడితే కాళ్లూ చేతులూ పోతాయని భయం. 1980లలో న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఎప్‌స్టీన్ అనే పిల్లల న్యూరోసర్జన్ ఆ గడ్డల్ని దాదాపు పూర్తిగా తీయొచ్చని చేసి చూపించాడు. ఆయనకు సాయపడింది శబ్దతరంగాలతో గడ్డను నుజ్జుచేసి పీల్చేసే పరికరం. దాని పుట్టుక కంటి శుక్లం దగ్గర. 1960లలో చార్ల్స్ కెల్మన్ అనే కంటిడాక్టరు, దంతవైద్యుడి దగ్గర పళ్ల గార తీసే యంత్రాన్ని చూసి, దాంతో శుక్లాన్ని పొడి చేయొచ్చని పట్టుకున్నాడు. మన ఊళ్లలో నానమ్మలు శుక్లం తీయించుకుని నల్లద్దాలతో వస్తారే, వాళ్ల కంట్లో పనిచేసిందీ, మనవడి వెన్నులో పనిచేసేదీ ఒకే ఇంటి యంత్రాలన్నమాట.

ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది. పూసల వెనక కప్పును జాగ్రత్తగా తీసి, పని అయ్యాక తిరిగి అమర్చే పద్ధతిని పిల్లల్లో ఎంచుకుంటారు, ఎదిగే వెన్ను తర్వాత వంగిపోకుండా. సూక్ష్మదర్శిని కింద పని. పిల్లాడి చేతులకూ కాళ్లకూ సన్నటి తీగలు పెట్టి, మెదడు నుంచి కాలిదాకా సంకేతాలు పోతున్నాయా లేదా అని ఒకరు తెర మీద చూస్తూనే ఉంటారు. సంకేతం బలహీనపడితే సర్జన్ చెయ్యి ఆపేస్తాడు. గోరువెచ్చటి సెలైన్ పోసి ఊరుకుంటాడు. సంకేతం కోలుకుంటే మళ్లీ మొదలు, కోలుకోకపోతే మిగిలిన ముక్కను అక్కడే వదిలేయడానికి కూడా సిద్ధపడతాడు. ఇంత వేగం మీద, ఇన్ని యంత్రాల మీద నడిచే చోట, చేతులు కట్టుకుని వెన్నుపాము తేరుకునేదాకా కాచుకోవడం కూడా వైద్యంలో భాగమేనని తెలిసినప్పుడు నాకెందుకో ధైర్యమనిపించింది.

తీసిన ముక్క పరీక్షకు వెళ్తుంది. నింపాది రకమైతే, బాగా తీసేయగలిగితే, చాలామందికి ఇంకేమీ అక్కర్లేదు, చూసుకుంటూ ఉంటే చాలు. లేకపోతే కీమోథెరపీ. రేడియేషన్‌కు పసివాళ్ల విషయంలో ఆచితూచి అడుగేస్తారు, ఎముకలింకా ఎదగాలి కనక. పెద్దలు తెలుసుకోవలసింది ఒక్కటుంది. ఆపరేషన్ తర్వాత పిల్లాడు ఎలా ఉంటాడన్నది చాలావరకు ఆపరేషన్‌కు ముందు ఎలా ఉన్నాడన్న దాన్నిబట్టే ఉంటుంది. నడుస్తూ వెళ్లినవాడు మళ్లీ నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయాక వెళ్లినవాడికి దారి పొడుగవుతుంది. ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పినా, ఒంటికి ఆగిపోయినా రేపటిదాకా చూద్దామనుకోవడానికి లేదు, ఆ పూటే బయల్దేరాలి.

ఆపరేషన్ అయిన కొత్తలో ముందుకన్నా బలహీనంగా కనిపిస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు నడిచిన బిడ్డ బయటికొచ్చాక కాలు కదపలేకపోతే తల్లిదండ్రులు కుంగిపోతారు. వారాల్లో, నెలల్లో చాలామందికి ఆ బలం తిరిగొస్తుంది. రావడానికి ఫిజియోథెరపీ కావాలి, రోజూ కావాలి. రెండు కడ్డీల మధ్య నాలుగడుగులు, మర్నాడు అయిదు. ఇంటికొచ్చాక ఆ పని ఎవరిమీద పడుతుందో మళ్లీ చెప్పక్కర్లేదు. డాక్టరు చూపించిన కసరత్తుల్ని నానమ్మలు కథలు చెబుతూ చేయిస్తారు. బలవంతంగా లాగకూడదని నేర్పాలి గానీ, విసుగు పుట్టకుండా ఎలా చేయించాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కొందరికి కొన్ని మిగిలిపోతాయి. ఒంటికి పోవడానికి రోజూ సన్నటి గొట్టం వాడాల్సి రావచ్చు, కొన్నేళ్లు నడుముకు పట్టీ కట్టుకోవాల్సి రావచ్చు. వెన్ను వంపు తిరుగుతోందా అని ఎదిగినన్నాళ్లూ చూస్తుండాలి. తరగతిలో తలుపు పక్క బెంచీ మీద కూర్చోనిచ్చి, చెయ్యెత్తకుండానే బయటికి వెళ్లొచ్చని చెవిలో చెప్పే టీచరు దొరికిందంటే ఆ పిల్లకు బడి బడిలాగే ఉంటుంది. తోటిపిల్లలు మొదట్లో పట్టీని చూసి అడుగుతారు, రెండు రోజులకు మరిచిపోతారు. పిల్లల్లో ఉన్న గొప్పతనం అదే.

మొదట్లో మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి మళ్లీ స్కాన్ ఉంటుంది. పెద్దవాళ్లకు ఆ తేదీ దగ్గరపడే కొద్దీ అన్నం సయించదు. పిల్లలు మాత్రం దాన్ని విశాఖ ప్రయాణంగానే లెక్కేస్తారు. సముద్రం పక్కనే పుట్టిన ఉద్దానం పిల్లలకు సముద్రం కొత్తేమీ కాదు, వాళ్లకు కావలసింది ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి. స్కాన్ అయిపోగానే అందులోకి తీసుకెళ్లాలని ఇంట్లో బయల్దేరేటప్పుడే మాట తీసుకుంటారు. లోపలి సన్నటి గుమ్మాల్లో వంగి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరి, వెనక నిదానంగా వస్తున్న నానమ్మను తొందరగా రమ్మని కేకలేస్తారు.